రెండో చావు తప్పించుకుంటున్న ఊరు

పొయ్యిలో పెట్టిన రొట్టెలు పొయ్యిలోనే ఉండిపోయాయి. ఒకటీ రెండూ కాదు... 81! తుంచుకుని తినడానికి వీలుగా పైన గాట్లు పెట్టిన గుండ్రటి రొట్టెలు. వాటిని కాల్చడానికి పెట్టిన మనిషి మళ్లీ తీయడానికి రాలేదు. 1862లో ఆ బేకరీని తవ్వినవాళ్లు పొయ్యిలోకి తొంగిచూస్తే అన్నీ బొగ్గులా నల్లబడి కనిపించాయి. ఆకారం మాత్రం చెక్కుచెదరలేదు. మధ్యలో గడిచిన కాలం దాదాపు 1,800 ఏళ్లు!

ఇటలీలోని పాంపీ పేరు వినగానే చాలామందికి చిన్నప్పటి చరిత్ర పాఠం గుర్తొస్తుంది. అగ్నిపర్వతం పేలింది, ఊరు బూడిదలో కూరుకుపోయింది, కథ కంచికి... అంతేగా అనిపిస్తుంది. నిజానికి ఆ ఊరి అసలు కష్టాలు బూడిదలోంచి బయటపడ్డాకే మొదలయ్యాయి. దాదాపు 1,700 ఏళ్లపాటు మట్టి కింద భద్రంగా ఉన్న గోడలూ బొమ్మలూ ఆ తర్వాత ఎండకూ వానకూ మనుషులకూ దొరికిపోయాయి. అప్పట్నుంచీ కొంచెం కొంచెంగా రాలిపోతున్నాయి. దీన్నే పాంపీ రెండో చావు అంటుంటారు. ఇప్పుడక్కడ జరుగుతున్న పనంతా ఆ రెండో చావును వీలైనంత వెనక్కి నెట్టడానికే. ఈ సంగతి తెలుసుకుని వెళ్తే ఆ శిథిలాలు మరోలా కనిపిస్తాయి.

రైలు దిగితే రోమన్ల కాలం

రోమ్ నుంచి వేగంగా వెళ్లే రైలెక్కితే గంటా పావులో నేపుల్స్. అక్కడ సర్కమ్‌వెసూవియానా అనే చిన్న రైలు మారాలి. పేరుకు తగ్గట్టే అది వెసూవియస్ కొండను చుట్టుకుంటూ వెళ్తుంది. బోగీల మీద రంగుల పిచ్చిగీతలు, లోపల కిక్కిరిసిన జనం, చేతిసంచి మీద ఓ కన్నేసి ఉంచమనే హెచ్చరికలు... ఎంఎంటీఎస్‌లో ఆఫీసు వేళప్పుడు తిరిగినవారికి కొత్తగా ఏమీ అనిపించదు. నలభై నిమిషాల్లో ‘పాంపీ స్కావి - విల్లా దెయ్ మిస్తెరి’ స్టేషన్ వస్తుంది. స్కావి అంటే తవ్వకాలు. స్టేషన్ దాటి నాలుగడుగులు వేస్తే ఊరి ద్వారం.

దాని పేరు పోర్తా మరీనా, అంటే సముద్ర ద్వారం. అప్పట్లో సముద్రం ఊరికి బాగా దగ్గరగా ఉండేది. అగ్నిపర్వతం కక్కిన మట్టీ రాళ్లూ తీరాన్ని ముందుకు నెట్టేశాయి. ఇప్పుడు ద్వారం దగ్గర నిలబడితే అలల చప్పుడు కాదు, టూరిస్టు బస్సుల చప్పుడే వినిపిస్తుంది. ద్వారంలోంచి లోపలికి బాగా ఎక్కుడుగా ఉండే రాళ్లబాట. చెప్పులు జారతాయి, ఎత్తు మడమలైతే సంగతే వద్దు.

పైకి వెళ్లాక మొదట ఆశ్చర్యపరిచేది ఊరి విస్తీర్ణం. ఒకటో రెండో గుళ్లు, నాలుగు విరిగిన స్తంభాలు చూద్దామనుకుని వెళ్లినవారి ముందు ఏకంగా ఓ పట్టణమే పరుచుకుని ఉంటుంది. 66 హెక్టార్లు... అంటే 160 ఎకరాలకు పైనే. అందులో మూడింట రెండొంతులు తవ్వారు. మిగతా మూడోవంతును ఇంకా మట్టి కిందే ఉంచారు. దాని సంగతి తర్వాత.

వీధుల్లో పరిచిన నల్లరాళ్ల మీద బళ్ల చక్రాలు ఒరుసుకుని లోతుగా గాడులు పడ్డాయి. రోడ్డు దాటేచోట మూడేసి ఎత్తురాళ్లు నిలువుగా పాతి ఉంటాయి. వీధిలో పారే మురుగులో కాలు పెట్టకుండా జనం వాటి మీదుగా దాటేవారు. రాళ్ల మధ్య సందుల్లోంచి బండి చక్రాలు సరిగ్గా పట్టేవి. వీధి మలుపుల్లో నీళ్ల తొట్లు. దూరంగా కొండల్లోంచి కాలువ ద్వారా వచ్చిన నీటిని ఊరి ఎగువన ఉన్న కట్టడంలో పంచి, సీసపు గొట్టాలతో ఇక్కడిదాకా తెచ్చేవారు. ఈ తొట్ల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. నీళ్లు తాగడానికి వంగినవాళ్లు చెయ్యి ఆనించీ ఆనించీ రాతి అంచు నున్నగా అరిగి గుంటపడింది. చక్రవర్తుల విగ్రహాలు ప్రపంచమంతా ఉన్నాయి. దాహం వేసిన మామూలు మనిషి చెయ్యి ఆనిన గుర్తు చూడాలంటే మాత్రం ఇలాంటి ఊరికే రావాలి.

గోడల మీద రాతలకు లెక్కేలేదు. ప్రేమలు, తిట్లు, అప్పుల పద్దులు, అంగట్లో ధరలు... 11 వేలకు పైగా రాతలు దొరికాయి. వాటిలో ఎన్నికల ప్రచారానిదే పెద్ద వాటా. ఫలానా వాడికి ఓటెయ్యండి, ఫలానా వీధి వాళ్లంతా అతని వెనకే ఉన్నారు... ఎర్రరంగుతో పెద్దపెద్ద అక్షరాలు. ఈ మధ్య తవ్విన పేటలో ఓ వింత బయటపడింది. ఆలస్ రస్టియస్ వెరస్ అనే అభ్యర్థికి ఓటెయ్యమన్న రాత వీధి గోడ మీద కాదు, ఓ ఇంటి లోపల కనిపించింది. ఆ ఇంట్లోనే ఓ బేకరీ ఉంది. అక్కడున్న తిరగలి రాయి మీద అతని పేరులోని పొడి అక్షరాలు! బేకరీకి ఇతగాడే పెట్టుబడి పెట్టి ఉంటాడనీ, రొట్టెలతో ఓట్లు రాబట్టుకునేవాడేమోననీ తవ్వకందారులు అనుమానిస్తున్నారు. ఓటుకు నోటు కంటే రొట్టె ముందన్నమాట.

మండువా లోగిళ్లు, కాకా హోటళ్లు

గోదావరి జిల్లాల్లో పాతకాలపు మండువా లోగిలి చూసినవారికి పాంపీ ఇల్లు అర్థంచేసుకోవడం చాలా తేలిక. మధ్యలో ఆకాశానికి తెరిచిన చోటు. నాలుగు వైపుల పెంకుల కప్పు మీద పడిన వాననీళ్లు అక్కడే కిందనున్న తొట్టిలోకి దిగుతాయి. చుట్టూ గదులు. వెనక పెరడు, స్తంభాల వసారా, పూలమొక్కలు. ముఖద్వారం తెరిస్తే వీధిలో పోయేవాడికి ఇంటి వైభవమంతా సూటిగా కనిపించేలా కట్టేవారు. డబ్బున్న సంగతి నలుగురికీ తెలియాలిగా! వెట్టీ సోదరుల ఇల్లు అందుకు పెట్టింది పేరు. బానిసలుగా బతికి, విడుదలై, వ్యాపారంలో గడించినవాళ్లని చెబుతారు. గోడ ఖాళీ లేకుండా బొమ్మలు గీయించారు. మరమ్మతుల కోసం 20 ఏళ్లపాటు మూసి ఉన్న ఈ ఇంటిని 2023 జనవరిలో మళ్లీ తెరిచారు. మరో ఇంటి గుమ్మంలో గొలుసుతో కట్టేసిన నల్లకుక్క బొమ్మను చిన్నచిన్న రాతిముక్కలతో నేల మీద పేర్చి, కింద ‘కుక్క ఉంది జాగ్రత్త’ అని రాయించారు. పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇది తప్పకుండా చూపించాల్సిన ఇల్లు.

మామూలు జనం ఇళ్లలో వంటగదులు తక్కువ. అందుకే వీధికో తినుబండారాల కొట్టు. రాతి గట్టు, అందులో దించిన మట్టి కుండలు. అచ్చం మన కాకా హోటలే. 2020లో పూర్తిగా బయటపడ్డ ఓ కొట్టు గట్టు మీద కోడిపుంజు, తలకిందులుగా వేలాడే బాతులు, పట్టీ కట్టిన కుక్క రంగు చెదరకుండా ఉన్నాయి. కుండల అడుగున బాతు ఎముక, మేక, పంది, చేప, నత్తల అవశేషాలు దొరికాయి. ద్రాక్షసారా ఉన్న కుండ అడుగున నలగ్గొట్టిన చిక్కుడుజాతి గింజలు... సారా రుచీ రంగూ మార్చడానికి వేసేవారట. కల్తీ అందామా, వంటకళ అందామా!

ఇంత సోకు ఎవరి రెక్కల మీద నడిచిందో కూడా పాంపీయే చెబుతుంది. 2023లో తవ్విన ఓ బేకరీలో కిటికీలు చిన్నవి, వాటికీ ఇనుప చువ్వలు. బయటికి దారి లేదు. లోపల గాడిదలూ బానిసలూ కలిసి తిరగలి తిప్పేవారు. జంతువులు గిర్రున తిరిగేచోట అడుగు ఎక్కడ వేయాలో నేల మీద గుంటలు పెట్టారు. ఊరవతల సివిటా జూలియానా అనేచోట ఓ భవంతిలో 2021లో పదహారు చదరపు మీటర్ల గది దొరికింది. మూడు మంచాలు, అందులో ఒకటి పిల్లవాడికి సరిపోయేంత చిన్నది. మూలగా కుండలు, గుర్రపు సామాను. పైన ఒకే ఒక్క చిన్న కిటికీ. గోడలకు రంగు లేదు, బొమ్మ లేదు. వెట్టీల ఇంటి ముందు వరుసకట్టే జనంలో కొందరైనా ఈ గది గురించి తెలుసుకుని ఉంటే బాగుంటుంది.

ఆ ఒక్క రోజు

క్రీ.శ. 62 ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చి ఊరిని కుదిపేసింది. ఆ మరమ్మతులు 79 నాటికీ పూర్తి కాలేదు. మధ్యమధ్యలో నేల కదలడం అక్కడివాళ్లకు అలవాటైపోయింది. ఎదురుగా ఉన్న వెసూవియస్ వాళ్లకు ద్రాక్షతోటలు పండే పచ్చని కొండ, అంతే.

ఆ రోజు మధ్యాహ్నం కొండ పేలింది. బూడిద, రాళ్లు స్తంభంలా దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తుకు ఎగిశాయి. అఖాతానికి ఆవలి ఒడ్డున ఉన్న పదిహేడేళ్ల కుర్రాడొకడు దాన్ని చూశాడు. గొడుగులా కొమ్మలు విప్పుకునే పైన్ చెట్టులా ఉందని ఆ తర్వాత చరిత్రకారుడు టాసిటస్‌కి రాసిన లేఖలో వర్ణించాడు. అతనే చిన్న ప్లినీ. నౌకాదళాధిపతి అయిన మేనమామ పెద్ద ప్లినీ జనాన్ని కాపాడదామని ఓడలు తీసుకుని ఎదురెళ్లి, ఒడ్డునే ప్రాణాలు వదిలాడు.

పాంపీ మీద గంటల తరబడి తేలికపాటి బొరియల రాళ్లు వానలా కురిశాయి. రెండున్నర మీటర్లకు పైగా పేరుకుని ఇళ్ల కప్పులు కూలాయి. మొదట్లోనే పరుగందుకున్నవాళ్లలో చాలామంది బతికిపోయారు. సామాను సర్దుకుందామనీ, రాళ్లవాన తగ్గాక వెళ్దామనీ ఆగినవాళ్లు మిగిలిపోయారు. మర్నాడు పొద్దున కాలే వాయువూ బూడిదా కలిసిన మేఘం కొండ మీంచి నేలబారుగా దూసుకొచ్చింది. ఇక ఆగడానికి, పరిగెత్తడానికి తేడా లేకపోయింది.

ఆ రోజు ఆగస్టు 24 అనే ఇన్నాళ్లూ పుస్తకాల్లో రాశారు. 2018లో ఓ ఇంటి గోడ మీద బొగ్గుతో రాసిన తేదీ దొరికింది. అక్టోబరు 17! బొగ్గు రాత ఏళ్ల తరబడి నిలవదు కాబట్టి ప్రమాదం అక్టోబరు చివర్లో జరిగి ఉంటుందని చాలామంది పండితులు అంటున్నారు. వాదన ఇంకా తెగలేదు.

ఇప్పటివరకు 1,300కి పైగా మృతుల ఆనవాళ్లు దొరికాయి. బూడిద గట్టిపడింది, లోపలి శరీరాలు శిథిలమై మనిషి ఆకారంలో ఖాళీలు మిగిలాయి. 1863లో జుసెప్పె ఫియొరెల్లి అనే పురాతత్వవేత్త ఆ ఖాళీల్లోకి ప్లాస్టర్ ముద్ద పోయించి, గట్టిపడ్డాక చుట్టూ మట్టి తీయించాడు. ముఖం చేతుల్లో దాచుకున్నవాళ్లు, పిల్లల్ని పొదువుకున్నవాళ్లు, గొలుసు తెంపుకోలేక మెలితిరిగిపోయిన కుక్క... అలాంటి అచ్చులు వందకు పైగా ఉన్నాయి. ‘పారిపోయినవారి తోట’ అనేచోట పదమూడు మంది, చిన్నపిల్లలతో సహా, పడినచోటే ఉన్నారు. పాంపీలో జనం గట్టిగా మాట్లాడటం మానేసే చోటు ఇదే.

ఈ అచ్చుల చుట్టూ బోలెడు కథలు అల్లుకున్నాయి. బంగారు కంకణం ఉన్న ఇంట్లో దొరికిన ఓ పెద్దమనిషి, ఒళ్లో బిడ్డ... తల్లీబిడ్డలని ఏళ్ల తరబడి గైడ్లు చెబుతూ వచ్చారు. 2024 నవంబరులో వెలువడిన డీఎన్ఏ పరీక్షల ఫలితాలు ఆ కథను తలకిందులు చేశాయి. కంకణం పెట్టుకున్నది మగవాడు. ఆ బిడ్డతో అతనికి రక్తసంబంధమే లేదు. పక్కనే ఉన్న మిగతా ఇద్దరితోనూ బంధుత్వం లేదు. నగ పెట్టుకుంటే ఆడది, బిడ్డను పట్టుకుంటే అమ్మ అన్నది చూసినవాళ్ల ఊహ. మరి ఆ బిడ్డను చివరిదాకా పట్టుకున్న మనిషి ఎవరు? తల్లి కాదని తేలాక ఆ దృశ్యం బరువు తగ్గకపోగా పెరిగింది.

వెలుగు చూశాక మొదలైన చీకటి

ఇక్కడ 1748లో తవ్వకాలు మొదలుపెట్టినప్పుడు అది పాంపీ అనే తెలియదు. 1763లో ఓ శాసనం దొరికాక గానీ పేరు తేలలేదు. నేపుల్స్ రాజుకు కావలసింది ఊరు కాదు, వస్తువులు. ఖైదీలతో కూడా తవ్వించారు. అందమైన బొమ్మలున్న గోడల్ని చతురస్రాలుగా కోసి రాజభవనానికి తరలించారు. ఇప్పటికీ పాంపీ ఇళ్లలో గోడ మధ్యలో బోసిగా గుంట కనిపిస్తే అది ఆ కోత గుర్తే. ఫియొరెల్లి వచ్చాకే పేటలకూ వీధులకూ ఇళ్లకూ నంబర్లు వేసి, పైనుంచి కిందికి పొరపొరగా తవ్వడం అలవాటైంది.

తవ్వడం ఒక ఎత్తయితే కాపాడటం పది ఎత్తులు. కప్పు లేని గోడకి వాన శత్రువు. పగుళ్లలో మొలిచే మొక్క శత్రువు. ఎండకు రంగులు వెలిసిపోతాయి. 1943లో రెండో ప్రపంచయుద్ధంలో మిత్రరాజ్యాల విమానాలు ఈ శిథిలాల మీదే 160కి పైగా బాంబులు వేశాయి. 1980 భూకంపం మరికొన్ని గోడల్ని బీటలు వార్చింది. వీటన్నిటికీ తోడు మంచి ఉద్దేశంతో చేసిన మరమ్మతులు! యుద్ధం తర్వాత కూలిన చోటల్లా సిమెంటు కాంక్రీటు, ఇనుప చువ్వలు వాడారు. ఇనుము తుప్పుపట్టి ఉబ్బింది. బరువైన కాంక్రీటు కప్పును రెండువేల ఏళ్ల గోడ మోయలేకపోయింది.

2010 నవంబరు 6న తెల్లవారుజామున ‘స్కోలా ఆర్మతురారుమ్’ అనే భవనం ఉన్నపళంగా కుప్పకూలింది. బాంబు దెబ్బ తిని, తర్వాత కాంక్రీటు కప్పుతో నిలబెట్టినదే అది. అంతకుముందు వానలు గట్టిగా పడ్డాయి. సందర్శకులు రాని వేళ కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఇది ఇటలీకే సిగ్గుచేటని దేశాధ్యక్షుడు జార్జో నపొలిటానో అన్నారు. అగ్నిపర్వతం కూల్చలేని గోడను నిర్లక్ష్యం కూల్చిందని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆ దెబ్బకు కదిలి, ఐరోపా సమాఖ్య సాయంతో 10.5 కోట్ల యూరోల భారీ పథకం మొదలుపెట్టారు. వాననీరు పోయే దారులు, గోడలకు ఊతాలు, బొమ్మల శుభ్రత... ఏళ్లపాటు సాగిన పని. కూలిన ఆ భవనాన్నీ 2019లో మళ్లీ తెరిచారు.

ఒక విచిత్రం ఏమిటంటే ఈ మధ్య ప్రపంచాన్ని ఊరించిన కొత్త తవ్వకాల్లో చాలావరకు నిధుల వేటలో మొదలైనవి కావు. తవ్విన చోటుకీ తవ్వని చోటుకీ మధ్య నిలువుగా నిలిచిన మట్టిగట్టు వానకు జారి ఇళ్ల మీద పడుతోంది. దాన్ని ఏటవాలుగా చెక్కితే తప్ప నిలవదు. అలా గట్టు చెక్కుతుంటే బయటపడ్డవే బొగ్గు తేదీ, కాకా హోటల్ వగైరాలు. 2024లో నల్లగోడల భోజనశాల, 2025లో ఓ ధనవంతుడి ఇంట్లో పెద్ద స్నానశాల... ఇప్పటికీ ఏదో ఒకటి వస్తూనే ఉంది. సివిటా జూలియానాలో అయితే దొంగల చేతిలోంచి లాక్కోవడానికే తవ్వారు. పురావస్తు దొంగలు అక్కడి ఇళ్ల కిందినుంచి సొరంగాలు తొలిచి, గోడలకు కన్నాలేసి, దొరికింది దొరికినట్టు అమ్ముకున్నారు. వాళ్ల సొరంగం కొద్దిలో తప్పిన చోటే 2021లో కంచు, తగరపు బొమ్మలతో అలంకరించిన ఊరేగింపు రథం నాలుగు చక్రాలతో దొరికింది.

వచ్చిపోయే జనం తక్కువేమీ కాదు. ఏడాదికి 40 లక్షల మందికి పైనే. 2024లో ఉచిత ప్రవేశం ఉన్న ఓ ఆదివారం ఒక్కరోజులోనే 36 వేల మంది వచ్చిపడ్డారు. అన్ని వేల అడుగులు రాతిముక్కల నేలల మీద, ఇరుకు గుమ్మాల్లో! చివరికి ఆ నవంబరు 15 నుంచి రోజుకు 20 వేల మందికి మించి రానివ్వకూడదని నిబంధన పెట్టారు. టికెట్ మీద మనిషి పేరు ఉంటుంది. గుర్తింపు కార్డు చూపించాల్సిందే. కొందరు గుర్తుగా ఉంటుందని రాయో పెంకో జేబులో వేసుకుపోతారు. ఆ తర్వాత ఇంట్లో ఏ కష్టమొచ్చినా ఆ రాయి శాపమేనని భయపడి, క్షమించమంటూ ఉత్తరం రాసి పార్సిల్‌లో తిప్పి పంపుతారు. అలా వెనక్కి వచ్చిన రాళ్లూ ఉత్తరాలూ పార్కు దగ్గర పోగుపడ్డాయి. శాపం ఉందో లేదో గానీ భయం వల్ల ఓ మంచైతే జరుగుతోంది.

నేపుల్స్‌లో మన దేశపు బొమ్మ

పాంపీలో కోసిన గోడబొమ్మలు, పాత్రలు, అలెగ్జాండర్ యుద్ధాన్ని లక్షల రాతిముక్కలతో పేర్చిన చిత్రం... అన్నీ నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. శిథిలాలు చూసి ఇది చూడకపోతే ఇల్లు చూసి సామాను చూడనట్టే. అక్కడున్న ఓ జానెడు దంతపు బొమ్మ ముందు భారతీయులు ఎవరైనా ఆగిపోతారు. చేతుల నిండా గాజులు, కాళ్ల నిండా కడియాలు, నడుముకు వడ్డాణం, ఇరుపక్కలా చిన్న చెలికత్తెలు. 1938లో పాంపీలోని ఓ ఇంట్లో అమెదెయో మయూరి ఆధ్వర్యంలో తవ్వుతుంటే దొరికింది. ‘పాంపీ లక్ష్మి’ అని పేరు పడిపోయింది. లక్ష్మి కాదు, యక్షి అయి ఉంటుందని ఇప్పుడు ఎక్కువమంది అంటున్నారు. నిలువునా ఉన్న రంధ్రాన్ని బట్టి అద్దం పిడి గానీ, బల్ల కాలు గానీ అయ్యుండొచ్చట. అడుగున ఖరోష్ఠి అక్షరం ఉంది. ఇలాంటి దంతపు బొమ్మలే శాతవాహనుల ఏలుబడిలోని తేర్, భోకర్దన్‌లలో దొరికాయి. ఈ రెండూ ఇప్పటి మహారాష్ట్రలో ఉన్నాయి.

ఈ రాకపోకల మీద గగ్గోలు పెట్టింది ఎవరనుకున్నారు? ఓడలేసుకుని వెసూవియస్‌కి ఎదురెళ్లిన ఆ పెద్ద ప్లినీయే! ఏటా 5 కోట్ల సెస్టర్సుల రోమన్ డబ్బు భారతదేశానికి పోతోందని తన గ్రంథంలో వాపోయాడు. మిరియాలకూ ముత్యాలకూ సన్నని బట్టలకూ పోయిన ఆ సొమ్ములో కాస్త తెలుగునేలకూ చేరింది. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో, కృష్ణాతీరాన నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. అన్నట్టు నాగార్జునకొండదీ పూడిపోయిన ఊరి కథే, కాకపోతే నీళ్ల కింద. ఆనకట్ట నిండేలోపు, 1954-60 మధ్య హడావుడిగా తవ్వి, కొన్ని కట్టడాలను ఊడదీసి కొండ మీదా, అనుపులోనూ తిరిగి పేర్చారు. మెట్లమెట్లుగా ఉన్న క్రీడారంగం కూడా అనుపులో అలా నిలిచిందే. తెలుగువారు పాంపీ రంగస్థలం చూసేముందు దాన్ని ఓసారి చూసి వెళ్తే తనివి తీరుతుంది.

ఒక్కరోజులో ఎంత?

పాంపీని పూర్తిగా చూడాలంటే రెండు రోజులు కావాలి. అంత తీరిక ఎవరికుంది! కాబట్టి పొద్దున్నే గేటు తెరిచే వేళకే వెళ్లాలి. నేరుగా ఊరి నడిబొడ్డుకు కాకుండా, అటు చివరనున్న రంగస్థలం వైపు నుంచి మొదలుపెడితే గుంపులు తప్పుతాయి. క్రీస్తుకు 70 ఏళ్ల ముందు కట్టిన ఆ వలయంలో 20 వేల మంది పట్టేవారు. క్రీ.శ. 59లో పొరుగూరి జనంతో ఇక్కడ పెద్ద కొట్లాట జరిగింది. మనుషులు చనిపోయారు. రోమ్ పదేళ్లపాటు పోటీల్ని నిషేధించింది. మన కబడ్డీ పోటీల్లో గొడవలు దీని ముందు ఏపాటి! ఊళ్లో చెట్టునీడ తక్కువ. టోపీ, నీళ్ల సీసా ఉండాలి. వీధుల్లో తాగునీటి కొళాయిలు ఉన్నాయి. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు. వేసవి కంటే ఏప్రిల్, అక్టోబరు నెలలు హాయి. ప్రతినెలా మొదటి ఆదివారం టికెట్ లేదు, అలాగే తోపులాటకు కొదవ కూడా లేదు.

సాయంత్రం కాస్త సమయం మిగిలితే తిరుగు రైల్లో ఎర్కొలానోలో దిగాలి. అదే నాటి హెర్క్యులేనియం. ఇది పాంపీ కంటే చిన్నది. దాని మీద పడింది రాళ్లవాన కాదు, కాలే బూడిద ప్రవాహం. ఇరవై మీటర్ల లోతున గట్టిగా బిగుసుకుపోవడంతో రెండో అంతస్తులు, చెక్క తలుపులు, మంచాలు బొగ్గయినా నిలిచాయి. సముద్రం ఒడ్డున పడవల కొట్టాల్లో దాదాపు 300 మంది అస్థిపంజరాలు దొరికాయి. ఒడ్డుదాకా వచ్చి పడవ కోసం ఎదురుచూసినవాళ్లు. ఇక్కడి ఓ భవంతిలో దొరికిన పుస్తకాల చుట్టలు విప్పితే పొడి అయిపోయేవి. ఇప్పుడు వాటిని విప్పకుండానే, ఎక్స్‌రే చిత్రాలను కంప్యూటర్‌తో జల్లెడపట్టి చదువుతున్నారు. 2023లో మొదట చదవగలిగిన మాటల్లో ఒకటి ‘ఊదా రంగు’ అనే గ్రీకు పదం. రెండొందల ఏళ్ల కిందట తొందరపడి కత్తితో విప్పబోయినవాళ్లు ఎన్ని చుట్టల్ని పాడుచేశారో తలచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

వెసూవియస్ మాత్రం అక్కడే ఉంది. చివరిసారి 1944లో పేలింది. ఇప్పుడు నిద్రపోతోంది, చావలేదు. దాని చుట్టూ ప్రమాదం ఎక్కువని గుర్తించిన ప్రాంతంలో దాదాపు ఏడు లక్షల మంది కాపురముంటున్నారు. కొండ కదిలితే వాళ్లందరినీ 72 గంటల్లో తరలించే ప్రణాళిక సర్కారు దగ్గర సిద్ధంగా ఉంది. పాంపీ వీధుల్లో ఎక్కడ నిలబడి ఫొటో తీసుకున్నా వెనక ఆ కొండే పడుతుంది.

ఇక ఆ మూడోవంతు సంగతి. ఇరవై రెండు హెక్టార్ల పైనే ఉన్న ఆ భాగాన్ని తవ్వమని అడిగేవారు చాలామందే ఉన్నారు. పార్కు ఒప్పుకోవడం లేదు. బయటికి తీసిన దాన్ని నిలబెట్టడానికే చేతులు చాలడం లేదన్నది ఒక కారణం. వందేళ్ల తర్వాత వచ్చేవాళ్ల దగ్గర మెరుగైన పరికరాలు ఉంటాయి, తొందరపడి మనమే చెడగొట్టడం ఎందుకన్నది మరొకటి. డీఎన్ఏ, విప్పకుండా చదివిన పుస్తకాలు చూశాక కాదనడం కష్టం. పైన గడ్డి పెరిగితే వేళ్లు కిందికి దిగి గోడల్ని చీలుస్తాయి కాబట్టి అక్కడ గొర్రెల మందను వదిలారు. అవి తీరిగ్గా మేస్తుంటాయి. వాటి కాళ్ల కింద నాలుగైదు మీటర్ల లోతున ఎవరి ఇల్లుందో ఇప్పటికి ఎవరికీ తెలియదు.